పత్రం రాయడం అయింది, తర్వాతేంటి? జీవావరణ, పరిణామ పరిశోధకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: తూర్పు కనుమల కప్పల మీద నా పీహెచ్‌డీ. పత్రాన్ని జర్నల్‌కు పంపే ముందు ప్రీప్రింట్‌గా (సమీక్షకు ముందే ఆన్‌లైన్‌లో అందరికీ కనబడేలా) పెడదామంటే మా గైడ్ గారు ఒప్పుకోవడం లేదు. జర్నల్ వాళ్లు తిప్పి పంపేస్తారని, ఈలోగా ఎవరైనా మన ఫలితాలు కాజేస్తారని ఆయన భయం. నిజమేనా?
- పరిశోధక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: మొదటి భయానికి కాలం చెల్లింది. కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ లేబొరేటరీ 2013 నవంబరులో జీవశాస్త్ర ప్రీప్రింట్లు పెట్టే వెబ్‌సైటు బయోఆర్కైవ్‌ను మొదలుపెట్టాక జర్నళ్ల వైఖరి మారుతూ వచ్చింది. ఇప్పుడు జీవావరణ, పరిణామ శాస్త్రాల్లో పేరున్న జర్నళ్లలో ఎక్కువ భాగం ప్రీప్రింట్ ఉన్న పత్రాన్ని తీసుకుంటాయి. అయినా మీరు పంపబోయే జర్నల్ నిబంధనల పేజీలో ‘ప్రీప్రింట్’ అన్న మాట వెతికి, ఆ వాక్యాన్ని గైడ్ గారికి చూపించండి. వాదించడం కన్నా అది త్వరగా తేలుతుంది.

కాజేస్తారన్న భయం సంగతి చూస్తే, తేదీతో, డీఓఐ (శాశ్వత గుర్తింపు) నంబరుతో బహిరంగంగా ఉన్న పత్రమే ‘ముందు చేసింది మేమే’ అనడానికి రుజువు. సమీక్ష కోసం నెలల తరబడి జర్నల్ దగ్గర మూసి ఉన్న పత్రానికి ఆ రక్షణ లేదు.

పెట్టే ముందు చూసుకోవాల్సినవి ఉన్నాయి. సహరచయితలందరి అంగీకారం ఈమెయిల్‌లో తీసుకోండి; గొడవలు ఎక్కువగా ఇక్కడే వస్తాయి. జర్నల్ అంగీకరించిన తర్వాత పత్రాన్ని బయోఆర్కైవ్ తీసుకోదు, కాబట్టి జర్నల్‌కు పంపే రోజునే పెట్టేయడం మంచిది. ఒకసారి పెట్టాక చెరిపేయలేరు. ‘ఉపసంహరించాం’ అని ముద్ర వేయించవచ్చు గానీ పాత ప్రతి అక్కడే ఉంటుంది. రచయితల పేర్లు దాచి సమీక్షించే జర్నలైతే, ప్రీప్రింట్ ఉన్నా ఫరవాలేదా అని కూడా చూడండి. ఆ పద్ధతిలో పంపేటప్పుడు డేటా ఫోల్డరులోని రీడ్‌మీ (వివరణ) ఫైలులో మీ పేరు ఉండిపోవడం తరచూ జరిగే పొరపాటు.

ప్రశ్న: జర్నల్ వాళ్లు డేటా బహిరంగంగా పెట్టమన్నారు. నా దగ్గర ఎక్సెల్ ఫైలు, గణాంకాలకు వాడే ఆర్ భాషలో రాసిన కోడ్ ఉన్నాయి. కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్‌లో పెట్టి లింకు ఇస్తే సరిపోతుందా?
- పోస్ట్‌డాక్, హైదరాబాద్

జవాబు: సరిపోదు. గిట్‌హబ్ పని చేసుకునే చోటు, భద్రపరిచే చోటు కాదు. రేపు మీరే ఆ ఫోల్డరు తీసేస్తే పత్రంలోని లింకు చచ్చిపోతుంది. పరిణామ శాస్త్ర జర్నళ్లు కొన్ని 2011లో ఉమ్మడిగా డేటా నిబంధన పెట్టుకున్నప్పటి నుంచి ఈ రంగంలో ఎక్కువగా కనబడేది డ్రయాడ్ అనే డేటా భాండాగారం. దానికి రుసుము ఉంటుంది. చాలాసార్లు జర్నలో, సంస్థో కడుతుంది, ముందే అడగండి. యూరప్ భౌతిక పరిశోధన సంస్థ సెర్న్ నడిపే మరో భాండాగారం జెనోడో ఉచితం, ఒక్కో రికార్డుకు 50 జీబీ వరకు పడుతుంది. గిట్‌హబ్ ఖాతాను జెనోడోకు కలిపితే కోడ్‌కు డీఓఐ దానంతటదే వస్తుంది. కానీ వరుస తప్పకూడదు: ముందు జెనోడోలో ఆ రిపాజిటరీకి (కోడ్ ఫోల్డరుకు) స్విచ్ ఆన్ చేయాలి, ఆ తర్వాతే గిట్‌హబ్‌లో రిలీజ్ (కోడ్ ప్రతి విడుదల) చేయాలి. ముందే చేసేసిన రిలీజ్‌ను జెనోడో పట్టుకోదు.

అసలు కష్టం ఎక్సెల్ ఫైలుతోనే. ఒక పరిశీలనకు ఒక వరుస, ఒక కొలతకు ఒక కాలమ్ ఉండాలి. కలిపేసిన గడులు, ‘పసుపు రంగు వేసినవి అనుమానం’ లాంటి గుర్తులు సీఎస్‌వీగా (సాదా అక్షరాల పట్టిక ఫైలుగా) మార్చగానే మాయమవుతాయి. ఆ అనుమానానికి విడిగా ఒక కాలమ్ పెట్టండి. తేదీని 2021-07-03 అని రాయండి. 03/07/2021 అంటే మనకు జులై, అమెరికా వాళ్లకు మార్చి. స్థానిక పేర్లు తెలుగులో రాసి ఉంటే ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అన్న ఎంపికతోనే సేవ్ చేయాలి, లేకపోతే అక్షరాల చోట ప్రశ్నార్థకాలు మిగులుతాయి.

సున్నాకు, ఖాళీకి తేడా మాత్రం ప్రాణప్రదం. గుంటలో వెతికినా కప్ప దొరక్కపోతే 0. వాన వల్ల అసలు ఆ గుంటకు వెళ్లకపోతే ‘ఎన్ఏ’ (విలువ లేదు). పది గుంటల్లో రెంటికి వెళ్లలేదు, మిగతా ఎనిమిదింటిలో 40 కప్పలు దొరికాయనుకోండి: సగటు 5. ఆ రెండు ఖాళీలను సున్నాలుగా నింపితే 4 అవుతుంది. కప్పలు తగ్గిపోతున్నాయన్న నిర్ధారణ ఇంత చిన్న చోట పుట్టగలదు.

అక్షాంశ రేఖాంశాలను దశాంశ డిగ్రీల్లో, విడివిడి కాలమ్‌లలో ఇవ్వండి. ఇచ్చాక అన్ని బిందువులనూ ఒకసారి మ్యాపు మీద వేసి చూడండి. నంద్యాల సుమారు 15.48 ఉత్తరం, 78.48 తూర్పు. ఆ రెండూ తారుమారైతే మీ కప్ప ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ మంచులో తేలుతుంది. ఇలాంటి రికార్డులు బహిరంగ డేటాలో వినోదానికి కొదవ లేకుండా ఉంటాయి.

రీడ్‌మీలో ప్రతి కాలమ్ పేరు, అర్థం, ప్రమాణం, లోపించిన విలువకు వాడిన గుర్తు రాయాలి. కోడ్‌లో మీ కంప్యూటరు ఫోల్డరు చిరునామా ఉంటే ఇంకెక్కడా నడవదు. దాన్ని తీసేసి, ఆర్ వెర్షన్, ప్యాకేజీల వెర్షన్లు జతచేయండి. ఫోల్డరు మొత్తం ల్యాబ్‌లో ఇంకొకరికి ఇచ్చి, మీరు పక్కన లేకుండా నడపమనండి. వాళ్లు ఎక్కడ ఆగితే అక్కడ రీడ్‌మీ చాలలేదన్నమాట.

ప్రశ్న: అరుదైన జీవుల చోటు కూడా బయటపెట్టాలా? మా పత్రంలో గుత్తి సాలీడు దొరికిన చెట్ల కొలతలు ఉన్నాయి.
- జువాలజీ అధ్యాపకుడు, కర్నూలు

జవాబు: ఖచ్చితమైన చోటు పెట్టొద్దు. 1899లో బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త పోకాక్ వర్ణించిన ఈ నీలి సాలీడు ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో అంతరించే ముప్పు అత్యధికంగా ఉన్న వర్గంలో ఉంది. పెంపుడు జంతువుల వ్యాపారంలో దీనికి గిరాకీ ఎక్కువ. చైనాలో ఒక గుహ బల్లిని 1999లో వర్ణించాక, పత్రంలో ఇచ్చిన చోటుకే వేటగాళ్లు వెళ్లి అక్కడ దాదాపు తుడిచిపెట్టేశారు. దాని బంధువులను తర్వాత వర్ణించినవాళ్లు చోటు రాయడం మానేశారు.

అక్షాంశ రేఖాంశాలను 0.1 డిగ్రీకి కుదించండి. అంటే సుమారు 11 కిలోమీటర్ల గడి. కుదించిన సంగతి రికార్డులో చెప్పి, అనిశ్చితిని దాదాపు 8,000 మీటర్లుగా నమోదు చేయండి. ప్రతి రికార్డుకూ యాదృచ్ఛికంగా కొంత జరిపే పద్ధతి వద్దు: ఒకే చెట్టుకు ఇరవై రికార్డులుంటే వాటి సగటు తీసి అసలు చెట్టు దగ్గరకు చేరుకోవచ్చు. పట్టికలో దాచి ఇతర చోట్ల వదిలేయడం మరో తప్పు. పత్రంలోని మ్యాపు, ‘ఫలానా ఊరికి వాయవ్యంగా 2 కి.మీ.’ అన్న వాక్యం, ఫొటోల్లో ఫోను దాచిపెట్టే జీపీఎస్, కోడ్‌లో మిగిలిన అంకెలు - అన్నీ చూడండి. పూర్తి వివరాలు అటవీ శాఖ దగ్గర, నమూనా భద్రపరిచిన మ్యూజియంలో ఉంటే చాలు.

ప్రశ్న: కొత్త జాతిని వర్ణిస్తున్నాను. దీన్నీ ప్రీప్రింట్‌గా పెట్టనా?
- పరిశోధక విద్యార్థి, తిరుపతి

జవాబు: పేరుతో పెట్టొద్దు. జంతు నామకరణ నియమావళి ప్రకారం ప్రీప్రింట్‌లో వచ్చిన పేరు ప్రచురణ కిందకి రాదు. మీ పేరు బయట తిరుగుతుంటే, ఈలోగా ఇంకొకరు అదే జీవికి వేరే పేరు పెట్టి సక్రమంగా ప్రచురిస్తే ప్రాధాన్యం వాళ్లదే. మరీ పెట్టాలనుకుంటే ప్రజాతి పేరు పక్కన ‘ఎస్‌పీ. 1’ (ఇంకా పేరు పెట్టని జాతి) అని ఉంచండి.

ఎలక్ట్రానిక్‌గా మాత్రమే వచ్చే జర్నలైతే, 2012లో మారిన నియమం ప్రకారం పత్రాన్ని ప్రచురణకు ముందే జంతు పేర్ల అధికారిక నమోదు పట్టిక జూబ్యాంక్‌లో నమోదు చేయాలి, ఆ నమోదు ఆధారం పత్రంలోనే కనబడాలి. తుది సంచికలో మాత్రమే ఆ నమోదు నంబరు వేసి, ముందుగా ఆన్‌లైన్‌లో పెట్టిన ప్రతిలో మరిచిపోయే జర్నళ్లున్నాయి. ప్రూఫులో మీరే చూసుకోవాలి. జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం నమూనాను ప్రభుత్వం గుర్తించిన భాండాగారంలో అప్పగించడం కూడా తప్పనిసరి.

ప్రశ్న: ‘3 రోజుల్లో ప్రచురిస్తాం’ అని ఒక జర్నల్ నుంచి ఈమెయిల్ వచ్చింది. పంపవచ్చా?
- ఎమ్మెస్సీ విద్యార్థిని, వరంగల్

జవాబు: వద్దు. ఇద్దరు సమీక్షకులు చదివి, మీరు సవరించి పంపడం 3 రోజుల్లో అయ్యే పని కాదు. అందరూ ఉచితంగా చదవగల జర్నళ్ల జాబితా డీఓఏజేలో ఆ జర్నల్ ఉందో లేదో వెతకండి. రుసుము లేని జర్నళ్లను వేరుచేసి చూసే వీలూ అక్కడే ఉంది. సంపాదకులుగా వేసిన పేర్లు వాళ్ల సొంత విశ్వవిద్యాలయ పేజీల్లో ఆ జర్నల్‌ను చెబుతున్నాయా చూడండి. పొరపాటున పంపేస్తే కాపీరైట్ కాగితం మీద సంతకం చేయకుండా, డబ్బు కట్టకుండా, ఉపసంహరిస్తున్నామని రాతపూర్వకంగా తెలపండి. ‘ఉపసంహరణ రుసుము’ అడిగితే ఇవ్వక్కర్లేదు.