పిల్లలు పట్నం పోయాక ఊళ్లో మిగిలిన పెద్దవాళ్ల కోసం మేం ఏం చేశాం

చదువుకున్నవాళ్లంతా హైదరాబాద్ వెళ్లిపోయారనీ, ఊళ్లో ముసలివాళ్లే మిగిలారనీ, వాళ్ల కోసం ఏ కమిటీ వేసినా మూడు నెలలకే ఆగిపోతోందనీ మీ ఊరి గురించి మీరు రాశారు. నేను సిద్దిపేట వైపు ఒక ఊళ్లో మహిళా సంఘాల లెక్కలు రాస్తుంటాను. ఇదే సమస్య మాకూ ఉంది కాబట్టి మా దగ్గర ఏది నిలబడిందో చెప్తాను.

ముందుగా, ఇంకో కమిటీ వేయకండి. కమిటీ అనగానే రెండు పార్టీల వాళ్లూ తమ పేర్లు ఇస్తారు, ఫొటో దిగుతారు, వాట్సాప్ గ్రూపు పెడతారు, అక్కడితో సరి. ఊళ్లో నెలనెలా తప్పకుండా కూర్చునేవి పొదుపు సంఘాలే. కిస్తీ కట్టాలి కాబట్టి ఎండైనా వానైనా వస్తారు. మేం ఆ మీటింగులోనే ఒక పని కలిపాం. లెక్కలు అయ్యాక, తమ వాడలో ఒంటరిగా ఉంటున్న అవ్వలు, తాతలు ఎలా ఉన్నారో ఒక్కో సంఘం నుంచి ఒకరు చెప్పాలి. దాన్ని కూడా మినిట్స్ పుస్తకంలో రాస్తాను. పోయిన నెల రాసిందేమిటో, అది అయిందో లేదో చదివి వినిపించాకే కొత్త మాట మొదలవుతుంది.

మొదట బయటపడింది పింఛను సంగతి. మట్టి పనిలో వేళ్లు అరిగిపోయినవాళ్లకు మిషన్ మీద వేలిముద్ర పడదు. మళ్లీ రమ్మంటారు, రెండోసారి వెళ్లే ఓపిక ఉండదు. ఇప్పుడు అలాంటివాళ్లతో వాడలో ఒకరు తోడు వెళ్తున్నారు. తర్వాత బీపీ, షుగర్ గోళీలు. అవి సబ్ సెంటర్‌లో ఇస్తారు, కానీ తెచ్చిపెట్టే మనిషి లేక మధ్యలో ఆపేస్తున్నారని తేలింది. మా ఆశా కార్యకర్త కూడా ఒక సంఘం సభ్యురాలే కాబట్టి ఎవరికి ఎప్పుడు అయిపోతాయో ఆమే చెప్తుంది.

అన్నిటికంటే కష్టమైంది తిండి. ఒక్క ప్రాణానికి పొయ్యి ఎందుకని రాత్రిపూట చాయ్, బిస్కెట్‌తో పడుకునేవాళ్లు. ఒకచోట వండుదాం అంటే, "మేం అడుక్కుతినేవాళ్లమా బిడ్డా" అని ఒక పెద్దమ్మ నా ముందే ఏడ్చింది. అందుకే ఎవరికీ ఉచితం అని చెప్పలేదు. ఎవరి రేషన్ బియ్యంలోంచి వాళ్లు కొంత తెచ్చి పోస్తారు, చేతనైనవాళ్లు కూరగాయలు తరుగుతారు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. మొదట గుడి పక్కన ఉన్న కమ్యూనిటీ హాలు అనుకున్నాం. ఎస్సీ కాలనీ నుంచి ఒక్కరూ రాలేదు. "మమ్మల్ని రావద్దన్నారా" అని ఎవరూ అడగలేదు, ఎవరూ రావద్దనలేదు, అయినా రాలేదు. చోటు చూస్తేనే వాళ్లకు అర్థమవుతుంది. వంట అంగన్‌వాడీ వరండాకు మార్చాక, వండేవాళ్లలో కాలనీ ఆడవాళ్లూ ఉన్నాక వచ్చారు. అప్పుడు ఇటువైపు నుంచి ఇద్దరు ముగ్గురు మానేశారు. వాళ్ల కోసం వంటమనిషిని మార్చాలన్న మాట మీటింగులో వచ్చింది, ఒప్పుకోలేదు. ఈ ఒక్క విషయంలో మీరూ గట్టిగా ఉండండి, లేకపోతే సగం ఊరి కోసమే పని చేసినట్టవుతుంది.

పట్నంలో ఉన్న పిల్లల దగ్గర డబ్బు అడగండి, కానీ ఏం అడుగుతున్నారో చూసుకోండి. కమాన్ కట్టిస్తాం, దాని మీద నాన్న పేరు రాయండి అంటారు. మేం మాత్రం నెలకు ఇంత అని గ్యాస్‌కీ నూనెకీ అడుగుతాం. ఇచ్చినవాళ్ల పేర్లు మీటింగులో చదువుతాం. ఫోన్ చేసి అమ్మ తిన్నదా అని అడగడం కూడా కొందరు దీని తర్వాతే మొదలుపెట్టారు.

ఆస్తి రాసిచ్చాక చూడని పిల్లలుంటే ఒక దారి ఉంది. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు, నెలకు 10,000 రూపాయల దాకా ఇప్పించవచ్చు. భూమి ఇంకా రాయనివాళ్లకు ఇప్పుడే చెప్పండి: నన్ను చూసుకోవాలి అన్న షరతు గిఫ్ట్ డీడ్‌లో రాయించుకోవాలి. ఆ షరతు ఉండి, చూసుకోకపోతే ఆ రిజిస్ట్రేషన్‌ను రద్దు చేయమని అడగవచ్చు. ఎవరితో చెప్పుకోవాలో తెలియనివాళ్లకు వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి, చాలామందికి కాగితం చదవడానికి చూపు ఆనదు.

మీది కూడా తెలంగాణే అయితే, 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. వచ్చే సభకు మీ సంఘాల ఆడవాళ్లు నలభై యాభై మంది కలిసి వెళ్లండి. అంగన్‌వాడీ వరండా వాడుకోవడానికి, నీళ్లకు, లైటుకు తీర్మానం రాయించి, సంతకాలు అయ్యాక దాని కాపీ తీసుకునే బయటికి రండి.