మూడో పేజీ మళ్లీ రాయి

పర్లాకిమిడి

చిరంజీవికి ఆశీస్సులు.

కథ అందింది. మీ మామ్మ మెట్ట గరువులో చోళ్లు, కంది కలిపి చల్లే చోటు బాగుంది. మూడో పేజీకి వచ్చేసరికి మాత్రం ఒళ్లు మండింది. "వేళ్లు నేలలోని సారాన్ని పీల్చుకుంటున్నాయి" అట! కొబ్బరి బొండాంలో స్ట్రా వేసినట్టా?

పీల్చడానికి అక్కడ సిద్ధంగా ఏముందమ్మా? గుణుపురం కొండల ఎర్రమట్టిలో మొక్కకు కావలసిన భాస్వరం ఉంటుంది గానీ ఇనుము, అల్యూమినియం దాన్ని పట్టుకుని వదలవు. నీటిలో కరిగి ఉండేది బొత్తిగా కొంచెం. వేరు పక్కన ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర అది అయిపోతే దూరం నుంచి వచ్చి చేరడం మహా నెమ్మది. అందుకని వేరు తనే ముందు చెయ్యి విదిలిస్తుంది. ఆకులు వండిన చక్కెరలో కొంత ఆమ్లాలుగా మార్చి మట్టిలోకి వదులుతుంది. నిమ్మకాయలో పులుపు ఉందే, ఆ సిట్రిక్ ఆమ్లం అందులో ఒకటి. ఆమ్లం ఇనుమును తనవైపు లాక్కుంటే భాస్వరం విడిపడుతుంది. మీ మామ్మ చల్లిన కందికి ఈ విద్య మరీ బాగా వచ్చు. దాని వేళ్లు ఇలాంటిదే, పిసిడిక్ ఆమ్లం వదులుతాయని పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో కనిపెట్టి, 1990లో 'సైన్స్' పత్రికలో రాశారు. అంతకు ఎంతో ముందే, 1860ల్లో, జర్మనీలో జూలియస్ సాక్స్ నున్నటి పాలరాతి పలక మీద మొక్కలు పెంచాడు. వేళ్లు పాకిన దారంతా రాయి అరిగి గీతలు పడింది.

ఇంత పని జరుగుతుంటే నువ్వు "పీల్చుకుంటున్నాయి" అని దాటేశావు. విశేషణాలు ఎవరైనా అద్దుతారు. క్రియ దగ్గరే తెలిసిపోతుంది, రాసినవాళ్లు చూశారో లేదో. పైగా "నేలతల్లి ఊరికే పెడుతుంది" అని మామ్మ చేత అనిపించావు. కొండ గరువు దున్నిన మనిషి ఆ మాట అంటుందా?

నా రెండో కథ నౌపడ చిన్న రైలెక్కి పత్రికకు వెళ్లింది. అచ్చయి వచ్చేసరికి చోళ్లన్నీ రాగులైపోయాయి, అంబలి జావ అయింది. అడిగితే, "మీ ఒరిస్సా తెలుగు పాఠకులకు అర్థం కాదు" అని కార్డు ముక్క రాశారు. ఆ సంపాదకుడు పోయి చాలాకాలమైంది, నా కోపం మాత్రం పోలేదు. ఇప్పుడేమో పేజీకి రెండు "ఏటి"లు జల్లి యాస కథ అంటున్నారు. అదో ఫ్యాషన్.

వాన వెలిశాక ఒక చోడి మొక్కను చుట్టూ తవ్వి, గడ్డతో సహా తియ్యి. పీకకు, తెగుతాయి. మెల్లిగా దులుపు. పెద్ద మట్టి రాలిపోతుంది, సన్న వేళ్లకు తొడుగులా అంటుకున్నది రాలదు. వేరు మీది నూగూ, వేరు వదిలిన జిగురూ పట్టి ఉంచిన మట్టి అది. దాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాక మూడో పేజీ మొదలుపెట్టు.

కలంపేరు సంగతీ, ఏ పత్రికకు పంపాలన్నదీ తర్వాత చూద్దాం. చోళ్లలో కంది ఎందుకు కలుపుతావని మామ్మనే అడుగు. ఏం చెప్తే అదే రాయి, రాగులు అని మార్చకు.