ఆగాలంటే భయపడుతున్న మా అమ్మాయికి

చిట్టితల్లీ,

నీ మెసేజ్ చదివాక ఫోన్లో నాలుగు ముక్కలు పెట్టి ఊరుకోబుద్ధి కాలేదు. అందుకే ఇంత పొడుగున రాస్తున్నాను. ఒక్కసారే అంతా చదవక్కర్లేదు, ఓపిక ఉన్నప్పుడు చదువుకో.

నెలల తరబడి చూసుకున్న అమ్మ పోయాక, సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంటే అలసట ఇంకా పెరుగుతోందన్నావు. ఆఫీసుకు వెళ్తే కాస్త నయంగా ఉంది గానీ అక్కడా ఏ పనీ తెమలడం లేదన్నావు. "నాకేదో అయిపోయింది పెద్దమ్మా" అని రాశావు. నీకేమీ కాలేదమ్మా. నీలో ఇప్పుడు రెండు రకాల అలసటలు కలిసిపోయి ఉన్నాయి. ఒకదాన్ని తగ్గించేది రెండోదాన్ని రేపుతోంది. అంతకంటే వింతేమీ లేదు ఇందులో.

మొదటిది పనివల్ల వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో బర్నవుట్‌ను జబ్బుగా లెక్కించలేదు, ఉద్యోగంలో చాలాకాలం అణగని ఒత్తిడివల్ల ఏర్పడే స్థితిగా చెప్పింది. దానికి మూడు గుర్తులు ఇచ్చింది. ఒంట్లో శక్తి అంతా అయిపోయినట్టుండటం, చేసే పని మీద మనసు విరిగిపోవడం, ఎంత చేసినా ఏమీ చేయనట్టు అనిపించడం. ఆ మూడూ నీ మెసేజ్‌లో కనిపించాయి. ఆ నిర్వచనం ఉద్యోగానికే పరిమితం. నర్సుగా ఇన్నేళ్లు పనిచేసినదాన్ని కాబట్టి నేను మాత్రం ఇంట్లో రోగిని కనిపెట్టుకుని ఉండటాన్ని కూడా అందులో కలిపేస్తాను. మా వార్డులో షిఫ్ట్ అయిపోతే ఇంకొకరు వచ్చి బాధ్యత తీసుకునేవాళ్లు. నీ చేతిలోంచి అందుకోవడానికి ఎవరొచ్చారు? పగలు ఉద్యోగం, రాత్రి అమ్మ. మధ్యలో మందులు, రిపోర్టులు, డాక్టర్లకు ఫోన్లు.

రెండోది అమ్మ పోవడంవల్ల వచ్చింది. దుఃఖం కూడా మనిషిని అలసిపోయేలా చేస్తుంది. నిద్ర చెడుతుంది, మతిమరుపు వస్తుంది, చదివిన వాక్యమే మళ్లీ చదవాల్సి వస్తుంది. అయితే ఇది పడుకుంటే తగ్గే రకం కాదు. నువ్వు నిమ్మళించిన మరుక్షణం పైకి వస్తుంది. ఇన్నాళ్లూ తీరిక లేకపోవడమే దాన్ని అణిచిపెట్టింది. అందుకే సెలవు రోజున నీకు అంత భారంగా ఉంది. నువ్వు భయపడుతున్నది ఆగడానికి కాదు, ఆగితే ఎదురయ్యేదానికి.

కాబట్టి ఒక్కసారిగా ఆగిపోవద్దు. నెల రోజులు సెలవు పెట్టేసి ఎక్కడికైనా ఒక్కదానివే వెళ్లిపోవాలని ఉందన్నావు చూడు, అది ఇప్పుడే వద్దు. ఏ పనీ లేని ముప్పై రోజులు ఇప్పుడు నువ్వు మోయలేవు. రోజులో కాసేపు తగ్గు. ఆ కాసేపు అలవాటయ్యాక ఇంకొంచెం. ధ్యానం కోర్సు, యోగా కోర్సు, డైరీ, తెల్లవారుజామున లేవడం, అన్నీ సోమవారం నుంచి మొదలుపెడతానని కూడా రాశావు. తల్లీ, అది నీ ఆఫీసు పద్ధతే. కోలుకోవడాన్ని కూడా ఒక ప్రాజెక్టు చేసి, రెండో వారంలో అది తప్పిపోతే మళ్లీ నిన్ను నువ్వే తిట్టుకుంటావు. ఒక్కటి పట్టుకో చాలు.

దుఃఖానికి ఐదు దశలుంటాయని, నీకు ఏడుపు రాకపోవడం ఏ దశో తెలియడం లేదని అడిగావు. ఆ దశల గురించి 1969లో రాసిన డాక్టర్ కూబ్లర్ రాస్ మొదట చెప్పింది చావుకు దగ్గరైన రోగుల మనఃస్థితి గురించి. వెనక మిగిలినవాళ్లు మెట్లెక్కినట్టు వరసగా ఆ దశలన్నీ దాటాలన్న నియమం లేదు. నాకు ఎక్కువ నచ్చింది 1999లో మార్గరెట్ స్ట్రోబె, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పిన మాట. ఆప్తుల్ని పోగొట్టుకున్న మనిషి మనసు కాసేపు పోయినవాళ్ల వైపు, కాసేపు బతుకు పనుల వైపు అటూ ఇటూ తిరుగుతూ ఉంటుందని, ఆ తిరగడమే కోలుకునే తీరని వాళ్లన్నారు. నేను చూసిన కుటుంబాల్లోనూ అంతే. పొద్దున కుమిలిపోయినావిడే సాయంత్రం మనవడి మాటలకు నవ్వేది. ఆ నవ్వు చూసి పక్కవాళ్లు ఏమనుకుంటారోనని బెదిరేది. నువ్వు బెదరకు. ఆఫీసులో ఎవరో అన్న మాటకు నవ్వొస్తే నవ్వు. అమ్మను మర్చిపోయినట్టు కాదు.

ఇక చెయ్యాల్సినవి. ముందు డాక్టర్‌కు చూపించుకో. రక్తహీనత, థైరాయిడ్, బి12 లోపం, షుగర్ కూడా ఇలాంటి నీరసాన్నే తెస్తాయి. అన్నీ మనసువల్లే అనుకుని ఒంటిని వదిలేసినవాళ్లను చాలామందిని చూశాను. గుండెల్లో బరువుగా ఉందన్నావు. నొప్పి గానీ ఆయాసం గానీ ఉంటే "దిగులువల్లే" అని సరిపెట్టుకోకుండా వెంటనే వెళ్లు. తీవ్రమైన దుఃఖం గుండె కండరాన్ని తాత్కాలికంగా బలహీనపరుస్తుందని 1990 నుంచి డాక్టర్లకు తెలుసు. అది నీ వయసులో అరుదే. అయినా ఒకసారి ఈసీజీ తీయించుకుని డాక్టర్‌కు చూపించు.

తర్వాత నిద్ర. అర్ధరాత్రి చిన్న చప్పుడైనా లేచి కూర్చుంటున్నావంటే నీ చెవులు ఇంకా అమ్మ పిలుపు కోసం చూస్తున్నాయని అర్థం. నెలల తరబడి అలా పడుకున్న శరీరానికి ఇక లేవక్కర్లేదని తెలియడానికి టైమ్ పడుతుంది. రాత్రి ఎప్పుడు పడుకున్నా సరే, పొద్దున లేచే టైమ్ మాత్రం మార్చకు. ఇరవై నిమిషాలు దాటినా నిద్ర పట్టకపోతే పక్క మీద దొర్లకుండా లేచి, మసక వెలుతురులో కూర్చో. నిద్ర ముంచుకొచ్చినప్పుడు మళ్లీ వెళ్లి పడుకో. కూర్చున్నప్పుడు ఫోన్ ముట్టుకోకు. ఊపిరి పీల్చడం కంటే వదలడం ఎక్కువసేపు ఉండేలా మెల్లగా వదులు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, మన శరీరం తీరే అంత. దీనికి కోర్సు అక్కర్లేదు.

రోజులో ఆ "కాసేపు" ఎలా గడపాలంటావా? నడువు. చెవుల్లో ఏమీ పెట్టుకోకుండా, ఎన్ని అడుగులేశావో లెక్కపెట్టకుండా. మొదటి రోజుల్లో నడుస్తుంటే కళ్లనీళ్లొస్తాయి. రానీ. కూర్చుని ఏడవలేనివాళ్లు నడుస్తూ ఏడవగలరు. ఎందుకో నాకు తెలియదు గానీ చాలామంది అదే చెప్పారు. రాసుకోవడం కూడా కొందరికి పనికొస్తుంది. జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికా సైకాలజిస్ట్ 1980లలో కాలేజీ విద్యార్థుల చేత తమ బాధల గురించి రోజుకు పదిహేను నిమిషాల చొప్పున నాలుగు రోజులు రాయించాడు. రాసిన వెంటనే వాళ్లకు దిగులు పెరిగింది, తర్వాతి నెలల్లో మాత్రం డాక్టర్ దగ్గరకు వెళ్లడం తగ్గింది. అయితే రాయడం అందరికీ పడదు. రెండు మూడు రోజులు చూడు, మరీ కుంగదీస్తుంటే మానెయ్.

ఆఫీసు సంగతి నువ్వే మీ మేనేజర్‌తో మాట్లాడాలి. "బాగాలేదు" అంటే వాళ్లకు ఏం చెయ్యాలో తెలియదు. ఏ పని తగ్గించాలో, ఎన్నాళ్లో చెప్పు. రాత్రి కాల్స్ రెండు నెలలపాటు వేరేవాళ్లకు ఇవ్వమను. ఉద్యోగం మానేసే నిర్ణయం మాత్రం ఇప్పుడు తీసుకోకు. మనసు ఇంత అలసిపోయి ఉన్నప్పుడు ఏ ఉద్యోగమైనా పనికిమాలినదిగానే కనిపిస్తుంది.

ఇప్పుడు నువ్వు రాయని సంగతి ఒకటి నేను రాస్తాను. అమ్మ పోయినప్పుడు ఒక్క క్షణం నీకు హమ్మయ్య అనిపించి ఉంటుంది. అప్పటి నుంచి ఆ క్షణమే నిన్ను తినేస్తూ ఉండవచ్చు. అలాంటిదేమీ లేకపోతే ఈ నాలుగు ముక్కలూ వదిలెయ్. ఉంటే విను. ఎన్నో నెలలు మంచం పక్కన కూర్చున్న కూతుళ్లు, కొడుకులు, భార్యలు వార్డు బయట నా చెయ్యి పట్టుకుని ఈ మాటే చెప్పారు, తలెత్తి నా మొహం చూడలేక. వాళ్లలో ప్రేమ తక్కువైనవాళ్లను నేను చూడలేదు. మనిషి బాధ పడటం ఆగిపోయినందుకు వచ్చే ఊపిరి అది. నీ బాధ కూడా కొంత ఆగింది, దాన్నీ కలుపుకో. మీ అమ్మ నా చెల్లెలు. చివరి రోజుల్లో దాని బాధ చూడలేక, ఇక చాలు, తీసుకుపో స్వామీ అని నేనూ దణ్ణం పెట్టుకున్నాను. దాన్ని ఎత్తుకు తిరిగినదాన్ని నేను.

"నేనెవరో నాకే తెలియడం లేదు" అన్నావు. అమ్మను చూసుకోవడమే నీ రోజంతా అయిపోయింది కదా. అది ఒక్క పూటలో ఆగిపోయేసరికి చేతులకు ఏం చెయ్యాలో తెలియడం లేదు. పాత నువ్వు ఎక్కడో ఉంది, వెతికితే దొరుకుతుంది అనుకోకు. ఇదంతా చూసిన మనిషివి నువ్వు, నీ ఇష్టాలు కూడా కొన్ని మారి ఉంటాయి. చిన్నవాటితో మొదలుపెట్టు. ఈ పూట కిటికీ తీసి ఉంచాలా, మూసుకోవాలా? ఎవరితోనైనా మాట్లాడాలనుందా, వద్దనుందా? ఇన్నాళ్లూ ప్రతిదీ అమ్మకు ఏది వీలో చూసి చేశావు. నీకేం కావాలో అడిగితే మొదట్లో జవాబు రాదు. అడుగుతూ ఉండు. నువ్వు బొమ్మలేసేదానివి, గుర్తుందా? వెయ్యమనడం లేదు. పెన్సిళ్లు ఎక్కడున్నాయో చూసి పెట్టుకో, అంతే.

ఆర్నెల్లు, ఏడాది గడిచినా అమ్మ మీద బెంగ రోజంతా పట్టి ఉండి, ఏ పనీ చేసుకోనివ్వకపోతే అది ప్రత్యేకంగా చికిత్స అవసరమైన దుఃఖం. ఇప్పుడు దాన్ని వైద్యులు గుర్తిస్తున్నారు, చికిత్సా ఉంది. అప్పటిదాకా ఆగాలని కాదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు కౌన్సెలర్ దగ్గరకు వెళ్లొచ్చు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా మాత్రం ఆ రోజే నాకు గానీ, డాక్టర్‌కు గానీ, హెల్ప్‌లైన్‌కు గానీ ఫోన్ చెయ్యి. ఏ వేళైనా సరే. నేను కంగారు పడతానని ఆలోచించకు.

అమ్మ బీరువా నీ అంతట నువ్వు తెరవకు. అందరూ త్వరగా సర్దేయమంటున్నారట కదా, తొందరేమీ లేదని నా మాటగా వాళ్లకు చెప్పు. నీకు ఎప్పుడు వీలనిపిస్తే అప్పుడు ఒక మాట రాయి, నేను వస్తాను. మొదటి రోజు ఒక్క అరే తీద్దాం. ఏవి ఉంచాలో, ఏవి ఇవ్వాలో ఆ రోజు తేల్చక్కర్లేదు.

ప్రేమతో,
పెద్దమ్మ