ఎండీ కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టాలి?

ప్రశ్న: బాలానగర్‌లో మాకు సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మిషన్ల మీద విడిభాగాలు చేసే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఉంది. ఏడాది అమ్మకాలు 40 కోట్లు. కస్టమర్లకు 60 రోజుల గడువు ఇస్తాం, రావలసిన బాకీలు 12 కోట్లు ఉన్నాయి. నాన్నగారు తప్పుకుంటామంటున్నారు. నేను డాక్టర్ని, కంపెనీ నడపలేను. లోపల ముగ్గురున్నారు: ఇంజనీరైన ప్లాంట్ హెడ్, మార్కెటింగ్ మేనేజర్, సీఏ. ఎవరిని ఎండీని (మేనేజింగ్ డైరెక్టర్‌ని) చేయాలి?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చదువును బట్టి తేలే విషయం కాదిది. చిప్‌ల కంపెనీ ఇంటెల్‌ను 2019 నుంచి రెండేళ్లు ఫైనాన్స్ మనిషి బాబ్ స్వాన్ నడిపారు. తర్వాత ఇంజనీరు పాట్ గెల్సింగర్ వచ్చారు, ఆయనా 2024 డిసెంబరులో వెళ్లిపోయారు. 2018, 2019లలో రెండు 737 మ్యాక్స్ విమానాలు కూలినప్పుడు బోయింగ్ అధిపతి కూడా ఇంజనీరే. సత్య నాదెళ్లదీ ఇంజనీరింగే. అయితే 2014లో సీఈఓ అయ్యేనాటికే మైక్రోసాఫ్ట్ సర్వర్, క్లౌడ్ వ్యాపారం మొత్తం ఆయన చేతిలో ఉంది. చూడాల్సింది ఆ మొత్తం బాధ్యత మోసిన అనుభవాన్నే. ఒక విభాగం నడపడం వేరు, ఆర్డరు పట్టడం దగ్గర్నుంచి డబ్బు వసూలయ్యేదాకా జవాబు చెప్పడం వేరు.

మీ అంకెలు చూడండి. 40 కోట్ల మీద 12 కోట్లంటే దాదాపు 110 రోజుల అమ్మకం బయట ఉంది. 60 రోజులకైతే 6.6 కోట్లే ఉండాలి. మిగతా 5.4 కోట్లకు 10 శాతం వడ్డీ వేసుకున్నా ఏడాదికి 54 లక్షలు. ఈ డబ్బు ఎందుకు ఆగిందో తెలిస్తే మీకు ఎవరు కావాలో తెలుస్తుంది.

గడువు దాటిన బిల్లుల్లో పెద్దవి పది తీయించండి. ఒక్కోదాని పక్కన ఆగిన కారణం రాయించండి. అదీ మీ అకౌంట్స్ వాళ్లను అడిగి కాదు, కస్టమర్ దగ్గర బిల్లు పాస్ చేసేవాళ్లను అడిగి. సైజు తేడా, రీవర్క్, సగం సరుకే అందడం, ఇన్‌స్పెక్షన్ రిపోర్టు జతచేయకపోవడం - ఇవే ఎక్కువగా కనిపిస్తే రోగం ఫ్యాక్టరీ పనిలో ఉంది, ప్లాంట్ హెడ్ వైపు మొగ్గండి. ఆర్డరు కోసం నోటిమాటగా 90 రోజులు ఒప్పుకుని ఉంటే సీఏ. బాకీలో సగం ఒకరిద్దరిదే అయి, గట్టిగా అడిగితే ఆర్డర్లు పోతాయని జంకుతుంటే కొత్త కస్టమర్లను తేగల మార్కెటింగ్ మనిషి.

ఎవరిని ఎంచుకున్నా వాళ్ల పాత అలవాటే ముందు దెబ్బ తీస్తుంది. ప్లాంట్ మనిషి ఆర్డరు చేతికి రాకముందే కొత్త మిషన్ కొంటాడు, ఈఎంఐ మాత్రం ఆగదు. మార్కెటింగ్ మనిషి గడువు పెంచి అమ్మకం పెంచుతాడు. మీ స్థాయిలో ప్రతి 30 రోజులకు 3.3 కోట్లు అదనంగా ఇరుక్కుంటాయి. సీఏ మెయింటెనెన్స్, టూల్స్ ఖర్చు కోస్తాడు. మొదటి ఏడాది లాభం బాగుంటుంది, తర్వాత మిషన్ల స్పిండిళ్లు (తిరిగే ఇరుసులు) పోతాయి.

అందుకే నేరుగా ఎండీని చేయకండి. ఎంచుకున్న మనిషికి ఆరు నెలలు మొత్తం కంపెనీ అప్పగించండి. ఎంతవరకు కొనుగోళ్లు, ఏ రేట్లకు కొటేషన్లు, ఎవరి నియామకం అతని ఇష్టమో కాగితం మీద పెట్టండి. ప్రతి సోమవారం నాలుగు అంకెలు అడగండి: సమయానికి వెళ్లిన సరుకు శాతం, రిజెక్షన్, బాకీల రోజులు, బ్యాంకు అప్పు లిమిట్‌లో ఇంకా మిగిలింది. ఈ ఆరు నెలలూ నాన్నగారు ఒక్క పర్చేజ్ ఆర్డరు మీద కూడా సంతకం చేయకూడదు. పాత సప్లయర్లు ఇంటికి ఫోన్ చేస్తారు, ఆయన ఒక్కసారి ‘సరే’ అన్నారా, కొత్త మనిషి మాట ఇక చెల్లదు. చట్టప్రకారం ఎండీని ఒక విడతకు అయిదేళ్లకు మించి నియమించకూడదు. మీరు మూడేళ్లకే రాయించండి.

ప్రశ్న: సైన్యంలో రిటైరైన అధికారి ఫ్యాక్టరీ నడపగలరా?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఏ విభాగంలో చేశారో అడగండి. వర్క్‌షాపులు, మరమ్మతులు చూసే ఈఎంఈ (దాని కాలేజీ సికింద్రాబాద్‌లోనే ఉంది), సరఫరాలు చూసే ఏఎస్‌సీ అధికారులకు స్టోర్లు, షిఫ్టులు, విడిభాగాల లెక్క కొత్త కాదు. రేటు బేరం, కస్టమర్ చేజారిపోతాడన్న భయం మాత్రం కొత్త. ప్లాంట్ బాధ్యతతో మొదలుపెట్టి, నెలకు నాలుగు రోజులైనా సేల్స్ వాళ్లతో కస్టమర్ల దగ్గరకు పంపండి. ఏడాది తర్వాత కొటేషన్ ఒకటి ఆయన చేతే వేయించి చూడండి.