ముంబై లాంటి మహానగరంలో చిరుతలు, ఫ్లెమింగోలు ఎలా బతుకుతున్నాయి?

కోటిమందికి పైగా జనం, ఎటు చూసినా సిమెంటు. అయినా అవి అక్కడున్నాయంటే కారణం సింపుల్: తిండి దొరుకుతోంది, తలదాచుకోవడానికి చోటుంది.

నగరాన్ని ఆనుకునే సుమారు 104 చదరపు కిలోమీటర్ల సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానం ఉంది. లోపల చుక్కల జింకలున్నా, చీకటి పడ్డాక చిరుత బస్తీల అంచుకు వస్తుంది. చెత్తకుప్పల చుట్టూ మూగే వీధికుక్కలు దానికి తేలికైన వేట. అంటే చిరుతని పిలుస్తున్నది ఒకరకంగా మన చెత్తే.

ఫ్లెమింగోలు వాలే ఠాణే క్రీక్ (ముంబై పక్కనే లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) సంగతి ఇంకా విచిత్రం. ఫ్లెమింగో తల కిందులుగా వంచి, ముక్కుతో బురదనీటిని వడగట్టి సూక్ష్మమైన నాచును తింటుంది. దాని ఒంటికి గులాబీ రంగు వచ్చేది కూడా తిండిలోంచే. నగరం వదిలే మురుగులోని నైట్రోజన్, ఫాస్ఫరస్ ఈ నాచుకి ఎరువులా పనిచేస్తాయి. అలాగని మురుగు మంచిదనుకోవద్దు, మోతాదు మించితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి చేపలు చస్తాయి. 2022లో ఈ క్రీక్‌కి రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తింపు, వచ్చింది. ఒడ్డున మడ అడవులున్నాయి. పీతలకీ చేపపిల్లలకీ ఆ చెట్ల వేళ్ల సందులే ఇల్లు.