పాత రేసు సైకిల్ ఫ్రేము కొంటున్నారా? ముందు కొలవండి

మాస్టర్స్ చదవడానికి నాటింగ్‌హామ్ వచ్చిన ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, 30 పౌండ్లకి పాత రాలీ రేసు ఫ్రేము ఇస్తానంటున్నారు. 531 అని స్టిక్కర్ ఉంది. మిగతా సామాను కొని బిగించుకోవచ్చా?"

బిగించుకోవచ్చు తమ్ముడూ. నీ క్లాసులు జూబిలీ క్యాంపస్‌లో అయితే, ఒకప్పుడు రాలీ ఫ్యాక్టరీ ఉన్న నేల మీదే నువ్వు చదువుతున్నావు. అయితే మన ఊళ్లలో తాతలు తొక్కిన కడ్డీ బ్రేకుల రాలీ వేరు, ఇది వేరు.

531 అంటే బర్మింగ్‌హామ్ రేనాల్డ్స్ కంపెనీ 1935లో తెచ్చిన ఉక్కు గొట్టాలు. మంచి రకంలో గొట్టం చివర్లు మందంగా, మధ్యలో పల్చగా ఉంటుంది. అందుకే అంత తేలిక. కానీ స్టిక్కర్ ఎవరైనా అంటించవచ్చు, దాన్నొక్కదాన్నే నమ్మకు. సీటుపోస్టు తీసి దాని మీద అంకె చూడు. 27.2 మిల్లీమీటర్లు ఉంటే మంచి గొట్టమనే ఆశ పెట్టుకోవచ్చు. 25, 26 దగ్గర ఉంటే చాలావరకు మామూలు ఉక్కే. వెనక చక్రం ఇరుసు కూర్చునే కొక్కేలు కూడా చూడు. పల్చటి రేకు కోసి చేసినవైతే చవక ఫ్రేము, మందంగా ఉంటే మంచిది.

అసలు తిప్పలన్నీ బాటమ్ బ్రాకెట్ దగ్గర, అంటే పెడళ్ల ఇరుసు తిరిగే గొట్టం దగ్గర. నా మొదటి ఫ్రేముకి మామూలు బ్రిటిష్ కొలత, అంగుళానికి 24 మరల కప్పు (ఇరుసు బాల్స్ కూర్చునే, మరతో బిగించే గిన్నె) తెచ్చుకున్నాను. చేత్తో రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. తుప్పేమో అనుకుని పెద్ద పానా వేసి తిప్పాను. సన్నటి ఉక్కు పొట్టు మెలికలు తిరిగి వేలికి అంటుకుంది. తుప్పు కాదు, లోపలి మర తెగిపోతోంది! నాటింగ్‌హామ్‌లో చేసిన రాలీల్లో చాలావాటికి అంగుళానికి 26 మరలు ఉంటాయని తర్వాత తెలిసింది. వర్క్‌సాప్ అనే ఊళ్లో రాలీ వాళ్ల కార్ల్‌టన్ కంపెనీ చేసిన రేసు ఫ్రేములకు ఎక్కువగా 24 ఉంటాయి. ఆ ఫ్రేము పాడైనందుకు ఇప్పటికీ బాధే.

అందుకే పాత కప్పులు బాగుంటే పారెయ్యకు. కిరోసిన్‌తో కడిగి, ఒక్కో వైపు 11 చొప్పున కొత్త పావు అంగుళం బాల్స్ వేసి, గ్రీజు నింపి అవే బిగించు. కుడివైపు కప్పుది ఎడమ మర. విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి.

చక్రాల సంగతి తేలిక. పాతవి 27 అంగుళాలు, ఇప్పటివి 700సీ. రిమ్ము అంచు 4 మిల్లీమీటర్లు కిందికి వస్తుంది. బ్రేకు రబ్బరు అంత కిందికి దిగుతుందో లేదో చూసుకుంటే చాలు. వెనక కొక్కేల మధ్య సందు 120 లేదా 126 మిల్లీమీటర్లు ఉంటుంది, మామూలు బ్రేకుల కొత్త రేసు హబ్‌కి (చక్రం నడిమి భాగానికి) 130 కావాలి. ఉక్కు కాబట్టి మెకానిక్ వెడల్పు చేయగలడు. అల్యూమినియం ఫ్రేముతో మాత్రం ఆ పని చేయించకు.

చూడటానికి వెళ్లేటప్పుడు ఇంటర్ ల్యాబ్‌లో వాడిన వెర్నియర్ కాలిపర్స్ లాంటిదొకటి, ఒక దారం పట్టుకెళ్లు. వెనక కొక్కేనికి దారం కట్టి, ముందు హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, రెండో కొక్కేనికి లాగి కట్టు. సీటు గొట్టానికీ దారానికీ మధ్య సందు రెండు వైపులా సమానంగా ఉండాలి. హ్యాండిల్ గొట్టం కింద, కిందికి వచ్చే గొట్టం మొదట్లో వేలితో తడుము. చిన్న ఉబ్బు తగిలినా ముందు నుంచి గుద్దిన బండి, వద్దు.

ఫ్రేము నంబరు రాసుకుని, దొంగ బండి కాదని బైక్‌రిజిస్టర్ అనే వెబ్‌సైట్‌లో చూసుకో. కొత్తగా వచ్చినవాడివి, ఆ టెన్షన్ నీకెందుకు? సీటుపోస్టు బిగుసుకుపోయి ఉంటే ధర తగ్గించమని అడుగు. దాన్ని వదిలించడానికి రోజూ రాత్రి నూనె పోస్తూ వారం పట్టవచ్చు.