లూచియాను రంగమెక్కించబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మీ సంగీత కళాశాలలో, స్కాట్లాండులో జరిగే కథను పాటలతోనే నడిపించే దోనిజెట్టి ఒపెరా ‘లూచియా ది లామ్మెర్‌మూర్’కు నిన్ను దర్శకురాలిగా పెట్టుకున్నారని తెలిసి పొంగిపోయాను. కానీ నీ ఉత్తరంలో ముప్పాతిక భాగం, పెళ్లిరాత్రి భర్తను చంపి మతి చలించిన లూచియా పాడే పిచ్చిదృశ్యం గురించే ఉంది. రక్తం ఎంత పుయ్యాలి, మెట్లు ఎన్ని కట్టించాలి, లూచియా పైనుంచి దిగాలా పక్కనుంచి రావాలా అని అడిగావు. ఇంగ్లండులో ఒపెరా తెర వెనకే నా ఉద్యోగమంతా గడిచింది కనుక చెబుతున్నాను, ఆ దృశ్యం సంగతి తరవాత చూద్దువు గాని, ముందు రెండో అంకంలో బల్ల ఎక్కడ వేయించాలో తేల్చుకో.

పెళ్లి ఒప్పందం మీద లూచియా సంతకం పెట్టే బల్ల అది. ఆమెకు మతి చలిస్తుందని టిక్కెట్టు కొన్న ప్రతివాడికీ ముందే తెలుసు. ఎవరెవరు కలిసి ఆమెను అక్కడిదాకా నెట్టారో చూపించడమే నీ పని. అన్న ఎన్‌రీకో రాజకీయంగా మునిగిపోతున్నాడు, చెల్లెల్ని ఆర్తూరోకు ఇచ్చి గట్టెక్కాలని అతని ఆత్రం. అతని మనిషి నొర్మాన్నో, లూచియా ప్రియుడు ఎద్గార్దో ఆమెకు రాసిన ఉత్తరాలన్నీ దారిలోనే కాజేసి, అతను మరొకామెను వరించాడన్న దొంగ ఉత్తరం పుట్టిస్తాడు. ఇవి మోటు ఎత్తులు, పాడేవాళ్లు కాస్త ఒళ్లు వంచితే చాలు, పండుతాయి. నీకు అసలు కష్టం మతగురువు రైమొందో దగ్గర వస్తుంది.

రైమొందో చెడ్డవాడు కాడు, లూచియా మేలు కోరేవాడే. కానీ ఆమె ఎద్గార్దోతో చాటుగా చేసుకున్నలాంటి, గురువు ఆశీర్వదించని పెళ్లి ప్రమాణాలను స్వర్గమూ ఒప్పదు, లోకమూ ఒప్పదని ఆమెకు నచ్చచెబుతాడు. ఇంకా ఎదురాడితే, సమాధిలో ఉన్న తల్లి నిన్ను చూసి వణికిపోతుందంటాడు. తల్లి పోయి ఎన్నాళ్లో కాలేదు. ఆ మాటతో లూచియా లొంగిపోతుంది. ఈ మాట బరువు తెలియడానికి మనవాళ్లెవరూ స్కాట్లాండు దాకా వెళ్లనక్కర్లేదు. అయినా నిడివి తగ్గించాలనగానే చాలామంది ముందు కత్తెర వేసేది ఈ దృశ్యానికే. వాద్యబృందాన్ని నడిపించే మీ కండక్టరు కూడా అదే అంటాడు. వినకు. కావాలంటే మూడో అంకం మొదట్లో తుఫానులో ఎద్గార్దో, ఎన్‌రీకో ద్వంద్వయుద్ధానికి సవాలు విసురుకునే దృశ్యాన్ని బేరానికి పెట్టు.

ఇంకో సంగతి. 1819లో వచ్చిన వాల్టర్ స్కాట్ నవలలో తల్లి బతికే ఉంటుంది, కూతుర్ని తొక్కిపెట్టేది ఆవిడే. 1669లో స్కాట్లాండులో ఒక పెద్దింట నిజంగా జరిగిన పెళ్లి ఆ కథకు మూలం. ఒపెరాకు మాటలు రాసిన కమ్మరానో తల్లిని తీసేసి పెత్తనం అన్న చేతికిచ్చాడు. దానితో లూచియా చుట్టూ ఆదేశించేవాళ్లంతా మగవాళ్లే అయ్యారు. తోడుండే అలీసా ఒక్కతే ఆడది, ఆమె మాట చెల్లదు. నీ రంగస్థలం మీద ఎవరు ఎక్కడ నిలబడాలో ఈ ఒక్క సంగతే సగం తేల్చేస్తుంది.

బల్లను ఒక చివర వేయించి, లూచియాను రెండో చివర నుంచి తీసుకురా. కోరస్ పాడే బృందమంతా చూస్తుండగా ఆ దూరం ఆమె నడవాలి. సంతకం పెట్టి, నా శిక్ష నేనే రాసుకున్నానంటుంది. ఆ వెంటనే ఎద్గార్దో దూసుకొస్తాడు. అతని ద్వారం బల్లకు ఎదురుగా ఉండాలి, లేకపోతే అతను ఆ కాగితం దగ్గరకు వెళ్లే నడక వృథా అవుతుంది. అప్పుడు మొదలవుతుంది ఆరుగురి పాట. బద్ధశత్రువులైన ఎద్గార్దో, ఎన్‌రీకో ఇద్దరూ ఒకేసారి ఎత్తుకుంటారు. ఆ కాసేపూ ఎవరినీ కదలనివ్వకు. విద్యార్థులు కదా, చేతులూరుకోవు, గట్టిగానే చెప్పాల్సి వస్తుంది. ఎవరి మనసులో వాళ్లు మాట్లాడుకుంటున్నారు, ఎదుటివాడికి ఏదీ వినబడదు. కండక్టరు అందరికీ కనిపించేలా, పాట మొదలవడానికి ముందే వాళ్లను వాళ్ల చోట్లకు చేర్చు.

ఇక నీ రక్తం గురించి. లూచియా ప్రవేశానికి లిబ్రెట్టోలో, అంటే ఒపెరా మాటల పుస్తకంలో, ఉన్న సూచనలో తెల్లని బట్టలు, చెదిరిన జుట్టు, చావుకళ పడిన ముఖం ఉన్నాయి, రక్తం మాట లేదు. పుయ్యాలనుకుంటే కొంచెమే పుయ్యి. గౌను గుడ్డ ముక్క మీద ముందుగా పూసి, ఉతికి చూడు. రెండో గౌను కుట్టించి ఉంచు. నేల మీద చుక్క పడినా లూచియాగా పాడే సోప్రానో జారుతుంది. ఆయుధం విషయానికి వస్తే, ఆమె చేతిలో ఉన్నది చనిపోయిన ఆర్తూరో కత్తేనని రైమొందో చెబుతాడు. కాబట్టి పెళ్లి దృశ్యంలోనే ఆర్తూరో నడుముకు ఆ కత్తి అందరికీ కనబడాలి. మొద్దు కత్తే అయినా ప్రతి రిహార్సల్ తరవాత లెక్కచూసి పెట్టెలో పెట్టి తాళం వెయ్యమను.

ఆ దృశ్యానికి దోనిజెట్టి మొదట రాసింది తడి వేళ్లతో గాజు అంచులు రుద్ది పలికించే గ్లాస్ హార్మోనికాకు. 1835లో నేపుల్స్‌లో తొలి ప్రదర్శనకు ముందే దాన్ని కొట్టేసి ఫ్లూటుకు మార్చాడు. ఫ్లూటుతో గొంతు పోటీపడే ఆ పొడుగాటి విన్యాసం ఆయన రాసింది కాదు, తరవాతి కాలంలో చేరింది. లూచియాగా పాడే అమ్మాయి గొంతుకు పొసగకపోతే కుదించమని నిర్భయంగా అడుగు. ఆమెను మెట్లెక్కించి దింపాలన్న కోరికా మానుకో. పదిహేను నిమిషాలకు పైగా పాడాల్సిన మనిషికి ఊపిరి కావాలి.

ఆ పాట అయ్యాక చప్పట్లు మోగుతాయి. మన పద్యనాటకంలో వన్స్‌మోర్ అంటే చచ్చిపడినవాడు కూడా లేచి పద్యం అందుకునేవాడు. నీ లూచియాను మాత్రం అప్పుడు ముందుకు వచ్చి నమస్కారం పెట్టనివ్వకు. ఇంకా ఎద్గార్దో చావు మిగిలి ఉంది. సమాధుల దృశ్యానికి సామాను మార్చడం ఆలస్యమైతే జనం కోట్లు వెతుక్కుంటారు, అందుకని ఆ మార్పును విడిగా, గడియారం పెట్టుకుని సాధన చేయించు. ఎద్గార్దో పొడుచుకున్నాక పాట రాగాన్ని చెల్లో వాద్యాలు మోస్తాయి, అతని పాత్ర పాడే టెనర్ మధ్యమధ్య తెగిన మాటలు అందిస్తే చాలు. అతన్ని నేల మీద దొర్లించకు.

కండక్టరుతో మాట్లాడాక ఏవేవి కోసేద్దామన్నాడో రాయి. రైమొందో దృశ్యం దగ్గర మొండికేస్తే నాకు ఫోను చెయ్యి, ఏ వాదం పెట్టాలో చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య